బండిలో తూటాలు: ఎండకి పేలవు, అయినా అక్కడ ఉండకూడదు

ప్రశ్న: అన్నా, మాది బంగారుపాళ్యం మండలం. ఎనిమిదెకరాల తోతాపురి తోట ఉంది. మా నాయన పోయాక ఆయన డబుల్ బ్యారెల్ తుపాకీని లైసెన్సుతో సహా నా పేరు మీదికి మార్పించుకున్నాను. రాత్రి తోట కాపలాకి పోయేటప్పుడు వెంట తీసుకెళతాను. తుపాకీ ఇంట్లో బీరువాలోనే ఉంటుంది. తూటాలు మాత్రం అవసరానికి చేతికందుతాయని ఒక పన్నెండు బొలెరోలోనే పెట్టేశాను. ఆరు డ్యాష్‌బోర్డు అరలో, ఆరు సీటు కింద. రెండేళ్లుగా అక్కడే ఉన్నాయి. మే, జూన్ నెలల్లో కాయ పని మీద తిరుపతి వస్తే బండి రోజంతా ఎండలోనే. డిసెంబరులో టమోటాల పని మీద మదనపల్లె పోతే రాత్రంతా మంచులోనే. మొన్న మా ఆవిడ అరలో ఏదో వెతుకుతూ తూటా పట్టుకుని, చెయ్యి కాలేంత వేడిగా ఉందని భయంతో అరిచింది. ఎండకి అవి పేలతాయా? చలికి పాడవుతాయా? బండిలో ఎలా దాచుకోవాలో చెప్పండి. ఇంట్లో తొమ్మిదేళ్ల బాబున్నాడు. టెన్షన్‌గా ఉంది.

సమాధానం: తమ్ముడూ, ముందు మీ ఆవిడకి ఈ మాట చెప్పండి. ఎండకి కాగిన బండిలో ఫ్యాక్టరీలో తయారైన తూటా తనంతట తాను పేలదు. ఆ భయం వదిలేయమనండి. ఇక మీరడిగిన మూడో ప్రశ్న, బండిలో ఎలా దాచుకోవాలన్నది. దానికి నా జవాబు ఒకటే: దాచుకోకూడదు. తూటా తుపాకీతో పాటే బండెక్కాలి, తుపాకీతో పాటే బండి దిగాలి. ఇరవై ఎనిమిదేళ్లు పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు, తూటాల బాగోగులు చూసేవాడిగా పనిచేసి రిటైరయ్యాను. తుపాకుల కంటే తూటాల దగ్గరే మనవాళ్లు ఎక్కువ అశ్రద్ధ చేస్తారన్నది నేను రోజూ చూసిన సంగతి. తుపాకీకి నూనె రాసి, గుడ్డ చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. తూటా మాత్రం చిల్లర డబ్బుల్లాగా ఎక్కడంటే అక్కడ ఉంటుంది.

ముందు వేడి సంగతి చూద్దాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. ఆ రోజుల్లో తిరుపతిలో నీడలోనే 42 డిగ్రీలుంటుంది. అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన బండి లోపల గాలి, బయటి కంటే ఇరవై, ఇరవై అయిదు డిగ్రీలు ఎక్కువ కాగుతుంది. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరిగిపోతుంది. ఎండ నేరుగా పడే డ్యాష్‌బోర్డు అంతకంటే వేడి, 70 దాటుతుంది. మీ ఆవిడ చెయ్యి కాలిందంటే ఆశ్చర్యం లేదు. తూటా అడుగున లోహపు టోపీ ఉంటుంది కదా, లోహం వేడిని చురుక్కుమని చేతికి అందిస్తుంది. పక్కనున్న ప్లాస్టిక్ కవరు కూడా అంతే వేడిగా ఉంటుంది, మనకి అంతగా తెలియదు.

ఇప్పుడు తూటా లోపలికి రండి. అందులో ఉన్నది పొగలేని మందు. పత్తి పీచులాంటి దాన్ని నత్రికామ్లంతో మార్చి తయారుచేస్తారు, నైట్రోసెల్యులోజ్ అంటారు. అది తనంతట తాను అంటుకోవాలంటే సుమారు 160, 170 డిగ్రీల వేడి కావాలి. తూటా అడుగున మధ్యలో క్యాప్ ఉంటుంది, తుపాకీ దెబ్బ తగిలి మొదటి నిప్పు పుట్టేది అందులోనే. ఆ క్యాప్ మందుకి ఇంకా ఎక్కువ వేడి కావాలి. మన ఎండ ఎంత మండినా బండిలో ఆ దరిదాపులకి పోదు. బండికే నిప్పంటుకుంటే అది వేరే మాట. అప్పుడు తూటాలు టపటపా పగులుతాయి. తుపాకీ గొట్టంలో లేవు కాబట్టి గుళ్లు ఆ వేగంతో దూసుకుపోవు. అయినా లోహపు ముక్కలు ఎగిరి కళ్లు పోగొట్టగలవు. ఎప్పుడైనా అలాంటిది జరిగితే మంటలార్పడానికి వచ్చినవాళ్లకి మొదటి మాటగా లోపల తూటాలున్నాయని చెప్పాలి. దాచిపెట్టకూడదు.

మన జిల్లాలో ఈ భయం ఎందుకు ఇంత బలంగా ఉందో నాకు తెలుసు. బండిలో పేలింది, సంచిలో పేలింది అని మనం వినే కథల్లో ఉండేవి తూటాలు కావు. పందుల కోసం పెట్టే నాటు బాంబులు, లేదా క్వారీల నుంచి దారి తప్పి వచ్చిన డిటొనేటర్లు. వాటికి ఎండ, కుదుపు, రాపిడి, ఏదైనా చాలు. పొలం గట్టున మేసే ఆవు నోట్లో నాటు బాంబు పేలితే ఎలా ఉంటుందో ఒకసారి చూశాను. ఇంకొకసారి చూడలేను. మీరు వాడుతున్నారని అనడం లేదు. ఎవరైనా కూలీవాడు "మీ బండిలో ఈ సంచి వేసుకుపోండి" అంటే మాత్రం లోపలేముందో చూడకుండా వేసుకోకండి.

పేలదు సరే, పాడవుతుందా? పాడవుతుంది. నిదానంగా, బయటికి తెలియకుండా పాడవుతుంది. అసలు ప్రమాదం ఇదే.

ఆ మందు తయారైన రోజు నుంచే లోలోపల కొద్దికొద్దిగా విరుగుతూ ఉంటుంది. విరిగినప్పుడు ఆమ్లపు ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి మిగతా మందుని ఇంకా వేగంగా విరుస్తుంది. దీన్ని ఆపడానికి ఫ్యాక్టరీలో ఒక రసాయనం కలుపుతారు, ఎక్కువగా డైఫినైలమిన్. అది ఆ ఆవిరిని పీల్చుకుంటూ మందుని కాపాడుతుంది. కానీ అది కూడా ఖర్చయ్యే సరుకే. చల్లగా, పొడిగా ఉన్న గదిలో ఈ ఖర్చు ఎంత నిదానమంటే ముప్పై, నలభై ఏళ్ల నాటి తూటాలు కూడా చక్కగా పేలడం నేను చూశాను. వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగేకొద్దీ విరిగే వేగం సుమారు రెట్టింపు అవుతుందని మా శిక్షణలో చెప్పేవారు. ఇంట్లో 30 డిగ్రీల దగ్గర ఉండే తూటాకీ, బండిలో 60, 70 దగ్గర కాగే తూటాకీ ఎంత తేడా వస్తుందో మీరే లెక్కేసుకోండి. ఇంట్లో కొన్నేళ్లు పట్టే అరుగుదల బండిలో ఒక్క వేసవిలో జరిగిపోతుంది.

ఇదే శిక్షణలో మాకు ఒక పాత సంగతి చెప్పేవారు. ఫ్రాన్స్ వాళ్ల యుద్ధనౌకలు రెండు, 1907లో ఒకటి, 1911లో ఒకటి, టూలాన్ రేవులోనే పేలిపోయాయి. శత్రువులెవరూ రాలేదు. ఓడల్లో నిలవ ఉంచిన ఫిరంగి మందు విరిగిపోయి తనంతట తాను కాగి అంటుకుంది. అక్కడ ఉన్నది టన్నుల కొద్దీ మందు, పుట్టిన వేడి బయటికి పోయే దారి లేదు. మీ దగ్గరున్నది పన్నెండు తూటాలు, ఒక్కో దాంట్లో రెండు గ్రాములకి అటూ ఇటూ మందు. అంత వేడి అక్కడ కూడదు. కాబట్టి దీన్ని విని మీ ఆవిడని మళ్లీ భయపెట్టకండి. మందు విరగడమన్నది ఉత్త మాట కాదని మీకు తెలియడానికే చెప్పాను.

మీలాగే బండిలో తూటాలు పెట్టుకున్న పెద్దాయనొకరు వాటిని తీసుకుని నా దగ్గరికొచ్చిన రోజు నాకిప్పటికీ గుర్తే. మూడు వేసవులు జీపులో ఉన్నాయవి. కాల్చబోతే రెండు పేలలేదు, మూడోది తుస్సుమందట. తెల్లటి గుడ్డ పరిచి, వాటిని వరసగా నిలబెట్టి చూశాను. ఎర్రగా ఉండాల్సిన ప్లాస్టిక్ ఒక పక్క వెలిసి గులాబీ రంగుకొచ్చింది. ఎండ తగిలిన పక్క అది. మూతి దగ్గర మడత విచ్చుకుని, వేలితో నొక్కితే కదులుతోంది. ఒకదాన్ని చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గుళ్లు గలగలమన్నాయి. కొత్త తూటా అలా మోగదు, లోపల అన్నీ బిగువుగా ఉంటాయి. లోహపు టోపీ అంచున పచ్చటి చిలుము. ఆయన అన్న మాట ఇది: "పెట్టె మీద మంచి కంపెనీ పేరే ఉంది కదయ్యా." పేరు మంచిదే. మన దగ్గర ఎక్కువగా దొరికే శక్తిమాన్ తూటాలు పూణే దగ్గర ఖడ్కీలో, ప్రభుత్వ ఫ్యాక్టరీలో తయారవుతాయి. ఎంత మంచి సరుకైనా మూడు వేసవులు జీపులో కాగితే చేయగలిగింది ఏముంటుంది?

ఆయన చెప్పిన ఆ "తుస్సు" దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే ప్రాణం మీదికి తెచ్చేది అదే. మామూలు చప్పుడు రాకుండా తుస్సుమంటే, మందు సగమే కాలి, లోపలి అట్ట బిళ్లో గుళ్లో గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. అది చూడకుండా రెండో తూటా పెట్టి కాలిస్తే గొట్టం పగులుతుంది. ఎడమ చెయ్యి ఎక్కడ ఉంటుందో మీకు తెలుసు. తుస్సుమన్న వెంటనే ఆపి, తుపాకీ విప్పి, తూటాలన్నీ తీసేసి, వెనక నుంచి వెలుతురుకెదురుగా గొట్టంలోకి చూడాలి. అసలు పేలకుండా "టక్" అని మాత్రమే అంటే ఇంకో జాగ్రత్త. కొన్నిసార్లు క్యాప్ ఆలస్యంగా అంటుకుంటుంది. వెంటనే విప్పకండి. గొట్టం ఎవరూ లేని వైపు పెట్టి, నిదానంగా ఒక నిమిషం లెక్కపెట్టి, అప్పుడు విప్పండి. ఆ నిమిషం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. అయినా ఆగండి.

ఎండలో కాగిన తూటాని వేడి మీదే తుపాకీలో పెట్టడం కూడా మంచిది కాదు. వేడి మందు వేగంగా కాలుతుంది, గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. కొత్త తుపాకీ తట్టుకుంటుంది. మీ నాయన గారి తుపాకీ ఎన్నేళ్లదో నాకు తెలియదు. గొట్టానికీ చెక్కకీ మధ్య కీలు వదులై ఉంటే ఆ భారం దాని మీద పడుతుంది. తూటా చేతికి చల్లగా తగిలేదాకా నీడలో ఉంచాలి. ఈ మాట వచ్చింది కాబట్టి, ఆ తుపాకీని లైసెన్సున్న గన్‌స్మిత్‌కి ఒకసారి చూపించండి.

ఇక చలి. చలి దానంతట అది తూటాని ఏమీ చేయదు. మదనపల్లెలోనూ, హార్స్‌లీ కొండ మీద కూడా డిసెంబరు తెల్లవారుజామున స్వెటర్ లేకుండా బయటికి రాలేం గానీ, ఆ చలి తూటాకి లెక్కలోది కాదు. మరీ చల్లగా ఉన్న తూటా కొంచెం నెమ్మదిగా పేలుతుంది, అంతే. చెరుపు చేసేది చలి తర్వాత వచ్చే చెమ్మ. రాత్రంతా చల్లబడిన బండిలోకి పొద్దున మీరు ఎక్కి, అద్దాలు మూసి, నలుగురు కూర్చుంటే అద్దాల మీద ఆవిరి పడుతుంది కదా, ఆ ఆవిరే చల్లటి తూటా మీద కూడా పడుతుంది. అద్దం గుడ్డతో తుడుస్తారు. తూటాని ఎవరూ తుడవరు. ఆ నీటి బొట్టు క్యాప్ చుట్టూ ఉన్న సందులో నిలుస్తుంది. పైగా మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కూడా వానలే. తడిసిన చెప్పులు, తడిసిన గోనెసంచులు, అన్నీ ఆ బండిలోనే. సీటు కింద పెట్టిన మీ ఆరు తూటాలకి వేసవిలో ఎండ దెబ్బ కొంత తక్కువ తగిలి ఉండవచ్చు. చెమ్మ దెబ్బ మాత్రం వాటికే ఎక్కువ. కాబట్టి ఆ ఆరూ మంచివి అనుకోకండి.

తోలు బెల్టులో తూటాలు గుచ్చి ఉంచడం ఒక అందం మనవాళ్లకి. తోలు పదును పెట్టేటప్పుడు వాడే రసాయనాలు, తోలు పీల్చుకునే చెమ్మ కలిసి లోహాన్ని తింటాయి. పచ్చ చిలుము పట్టేది ఎక్కువగా అక్కడే. బ్యాంకుల ముందు, డబ్బు బండ్ల పక్కన నిలబడే గార్డులని చూసినప్పుడల్లా నా చూపు ముందు వాళ్ల బెల్టు మీదికే పోతుంది. ఏళ్ల తరబడి అవే తూటాలు, ఎండలో, వానలో. వాళ్లలో చాలామంది పాత సైనికులు, చేతి నిండా విద్య ఉన్నవాళ్లు. కొత్త తూటాలు కొనిచ్చేవాళ్లే లేరు. అవసరం పడిన రోజు ఆ తూటా పేలకపోతే పోయేది ఆయన ప్రాణం. ఈ సమాధానం చదివేవాళ్లలో అలాంటి గార్డులని పెట్టుకున్న యజమానులుంటే, దయచేసి ఈ వారమే ఆ బెల్టు ఒకసారి చూడండి.

చిలుము పట్టిందని నూనెతోనో కిరసనాయిలుతోనో తుడిచేరు. వద్దు. తుపాకీకి నూనె మందు, తూటాకి నూనె విషం. క్యాప్ సందులోంచి లోపలికి పాకి క్యాప్ మందుని చంపేస్తుంది. తుప్పు వదిలించే స్ప్రేలు ఇంకా వేగంగా పాకుతాయి. పొడి గుడ్డతో తుడవాలి, అంతకు మించి ఏమీ చేయకూడదు.

ఇంతవరకు తూటా సంగతి. ఇప్పుడు మీ సంగతి. నిజానికి నాకు ఎక్కువ దిగులు ఇక్కడే.

మీరు తిరుపతికి వస్తుంటారు. ఏదో ఒక రోజు కాయ అమ్ముడుపోయి, మనసు బాగుండి, ఇంటిల్లిపాదీ బండిలోనే ఉంటే, ఎలాగూ ఇంత దూరం వచ్చాం, స్వామి దర్శనం చేసుకుని పోదాం అనుకుంటారు. అలిపిరి దగ్గర బండి ఆపి, అందరినీ దింపి, సామానంతా తనిఖీ చేస్తారు. కొండ మీదికి ఆయుధాలు, తూటాలు నిషేధం. ఆ అర తెరిచేసరికి ఆరు తూటాలు. మీ చేతిలో ఆ పూట లైసెన్సు పుస్తకం కూడా ఉండదు, అది ఇంట్లో తుపాకీ పక్కన ఉంటుంది. పిల్లాడి ముందు, ఆడవాళ్ల ముందు మిమ్మల్ని పక్కకి తీసుకెళ్లి ప్రశ్నలు అడుగుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. తనిఖీ చేసేవాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల పని అది. మెట్ల దారిన నడిచి పోతాం, బండి కిందే ఉంటుంది కదా అంటారేమో. మూడున్నర వేల మెట్లు ఎక్కి, దర్శనమై, తిరిగొచ్చేసరికి ఒక రోజు గడుస్తుంది. ఆ రోజంతా తూటాలున్న బండి కాపలా లేకుండా నిలబడి ఉంటుంది.

ఇంకొక దారి తమిళనాడులోని వేలూరు. చిత్తూరు నుంచి ముప్పై అయిదు కిలోమీటర్లే. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా అర్ధరాత్రైనా బండి ఎక్కించుకుని అటే పోతాం. పలమనేరు దాటితే నంగిలి, అది కర్ణాటక. మీ లైసెన్సు తీసి, ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో రాసిన చోట చూడండి. మన రాష్ట్రం వరకే అని ఉంటే, అరలో మరచిపోయిన తూటాతో సరిహద్దు దాటిన నిమిషం నుంచి అది లైసెన్సు లేని తూటా. 1959 ఆయుధాల చట్టంలో తుపాకీకి ఎంత లెక్కో తూటాకీ అంతే లెక్క. ఒక్క తూటా అయినా కేసే. అక్కడ ఉన్న సంగతి తెలియదని వాదించేవాళ్లున్నారు, కోర్టులు ఆ మాట వింటాయి కూడా. మీరు ఆ మాట అనలేరు. తెలిసే పెట్టారు.

మీ బండి మీరొక్కరే నడుపుతారా? కాయ సీజన్లో డ్రైవరు ఉంటాడు, బావమరిది తీసుకుపోతాడు, సర్వీసింగుకి ఇస్తే మెకానిక్ దగ్గర రెండు రోజులుంటుంది. లైసెన్సు మీ పేరున ఉంది, తూటాలు మాత్రం వాళ్ల చేతిలో ఉన్నాయి. పట్టుబడితే ముందు ఇరుక్కునేది ఏమీ తెలియని ఆ డ్రైవరు అబ్బాయి. తర్వాత మీరు. లైసెన్సు షరతులు తప్పితే ఆరు నెలల వరకు జైలో, రెండు వేల వరకు జరిమానానో, రెండూనో అని చట్టం 30వ సెక్షన్లో ఉంది. లైసెన్సు రద్దవడం దానికి అదనం. మీ నాయన ఇచ్చిపోయిన తుపాకీ అలా పోగొట్టుకోవద్దు. బండి నుంచి ఒక్క తూటా కనబడకుండా పోయినా సరే, "ఒకటే కదా" అనుకోకుండా వెంటనే దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో చెప్పాలి. అది కూడా లైసెన్సు షరతే. ఎన్నికలప్పుడు తుపాకీ డిపాజిట్ చేయమంటారు కదా, అప్పుడు తూటాల లెక్క కూడా అడుగుతారు. కొన్నవి ఎన్ని, కాల్చినవి ఎన్ని, ఉన్నవి ఎన్ని. ఇంట్లో కొన్ని, బండిలో కొన్ని ఉన్నవాళ్లకి ఆ లెక్క ఎప్పుడూ తేలదు.

మీ బాబు గురించి ఎక్కువ చెప్పను, మీకే తెలుసు. డ్యాష్‌బోర్డు అర పిల్లలకి మొదటి ఆట. ఎర్రటి ప్లాస్టిక్కు, పసుపుపచ్చగా మెరిసే టోపీ, చూడ్డానికి బొమ్మలాగే ఉంటుంది. రాయి మీద పెట్టి ఇంకో రాయితో కొడితే ఏమవుతుందో చూద్దామనుకునే వయసు వాడిది. అరలో స్క్రూడ్రైవర్లు, మేకులు కూడా ఉంటాయి. బండి గతుకుల్లో ఎగిరెగిరి పడినప్పుడు ఆ మొన నేరుగా క్యాప్ మీద పడటం అరుదే, కానీ జరగదని నేను చెప్పలేను.

ఇక ఎక్కడ పెట్టాలో చెబుతాను. ఇంట్లో, ఇనుప బీరువాలో, తుపాకీ ఉన్న అరలో కాకుండా వేరే తాళం ఉన్న అరలో. రెండు తాళాలూ మీ దగ్గరే. ఆ బీరువా రేకుల కప్పు కింద ఉండకూడదు, పడమటి ఎండ పడే గోడకి ఆనించి ఉండకూడదు, వంటింట్లో వద్దు, దీపం వెలిగించే దేవుడి గదిలో అసలే వద్దు. అటక మీద పెట్టేవాళ్లున్నారు. మిద్దె వేడంతా దిగేది అక్కడికే. ఇంట్లో మధ్యాహ్నం పూట మీరు చాప వేసుకుని పడుకోవడానికి ఏ గది వెతుక్కుంటారో, తూటాలకి కూడా ఆ గదే. కొన్నప్పటి అట్టపెట్టెలోనే ఉంచి, ఆ పెట్టెని రబ్బరు వాషరున్న గట్టి మూత డబ్బాలో పెట్టండి. మందుల డబ్బాల్లో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు రెండు అందులో వేయండి. పెట్టె మీద కొన్న తేదీ పెన్నుతో రాయండి. పాతవి ముందు వాడాలి. వేరే సైజు తూటాలు ఎవరిచ్చినా ఆ డబ్బాలో కలపకండి. మీది 12 బోర్ అనుకుంటాను. బోర్ అంటే గొట్టం సైజు, సంఖ్య పెరిగేకొద్దీ తూటా సన్నం. 20 బోర్ తూటా ఒకటి పొరపాటున 12 బోర్ గొట్టంలో పడితే కిందికి జారి అడ్డంగా నిలుస్తుంది, వెనక ఖాళీగా కనబడుతుంది. దాని వెనక 12 పెట్టి కాలిస్తే గొట్టం ముక్కలవుతుంది.

తోటకి పోయే రాత్రి, ఆ రాత్రికి కావలసినవి నాలుగో ఆరో లెక్కపెట్టి చిన్న మూత డబ్బాలో వేసుకోండి. తుపాకీ ఖాళీగా, కవరులో. లైసెన్సు జేబులో. 2016 ఆయుధ నియమాల ప్రకారం కూడా నలుగురూ తిరిగే చోట తుపాకీ కవరు లేకుండా పట్టుకుపోకూడదు. బండిలో డబ్బా మీ కాళ్ల దగ్గర నేల మీద ఉండాలి. డ్యాష్‌బోర్డు మీద కాదు, ఇంజను వేడి తగిలే చోట కాదు. తిరిగొచ్చాక తుపాకీతో పాటు దించుకుని, మళ్లీ లెక్కపెట్టి, బీరువాలో పెట్టాలి. చలి రాత్రి తర్వాతయితే ఇంట్లోకి తెచ్చిన డబ్బా మూత ఒక గంట దాకా తీయకండి. చెమ్మ డబ్బా మీద పడి ఆరిపోతుంది, తూటా మీద పడదు.

మధ్యలో ఎక్కడైనా ఆగాల్సి వస్తే? టీ తాగేంత సేపు నీడలో ఆపితే తూటాకేమీ కాదు. ఒక్క మధ్యాహ్నం ఎండలో ఉన్నంత మాత్రాన పాడైపోయిందని పారేయక్కర్లేదు. చేటు చేసేది రోజుల తరబడి, వేసవుల తరబడి అక్కడే ఉండటం. ఐస్ బాక్సులో పెడతానని ఒకాయన అడిగాడు. ఐసు వేయకుండా ఉత్త పెట్టె అయితే వేడి ఎక్కడం కాస్త ఆలస్యమవుతుంది, సాయంత్రానికి అదీ కాగుతుంది. ఐసు వేస్తే చెమ్మ. ఎండకి తప్పించి నీళ్లలో ముంచినట్టవుతుంది.

మీ తోట వైపు ఏనుగులు దిగుతాయి. కౌండిన్య అభయారణ్యం మీకు దూరం కాదు. ఒక మాట అడగకపోయినా చెబుతున్నాను. ఏనుగు కనబడితే తుపాకీ బండిలోనే ఉండనివ్వండి. చప్పుడుకి అది అడవి వైపే పోతుందన్న నమ్మకం లేదు, మీ వైపు కూడా తిరగవచ్చు. అటవీశాఖ వాళ్లకి ఫోన్ చేసి ఇంట్లోవాళ్లని లోపల ఉంచండి. పందినైనా అధికారుల అనుమతి లేకుండా కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమే.

ఇప్పుడు బొలెరోలో ఉన్న ఆ పన్నెండు. రేపు పొద్దున్నే, ఎండెక్కక ముందు, బాబు బడికి పోయాక, మీరొక్కరే తీయండి. అర అడుగున, సీటు పట్టాల సందులో, మ్యాట్ కింద టార్చి వేసి చూడండి. పన్నెండూ లెక్కకి రావాలి. వాటిని మంచివాటిలో కలపకండి, వేరే డబ్బాలో వేసి "కాల్చకూడదు" అని రాసి బీరువాలో పెట్టండి. పరీక్షగా ఒకటి కాల్చి చూద్దామని అనుకోవద్దు, ఒకటి పేలితే మిగతా పదకొండూ పేలతాయని దానర్థం కాదు. పాతిపెట్టడం, బావిలో వేయడం, చెత్తతో పాటు కాల్చడం, విప్పి మందు తీయడం, ఏదీ చేయకండి. పాతిపెట్టింది ఎవరి నాగలికో తగులుతుంది. మీరు కొన్న లైసెన్సున్న డీలరుకి ముందు ఫోన్ చేసి, తీసుకుంటానంటే లైసెన్సు పుస్తకంతో సహా వెళ్లి అప్పగించండి. ఆయన కాదంటే మీ స్టేషన్లో ఎస్సై గారిని కలిసి, సంగతి చెప్పి, ఎలా అప్పగించాలో అడగండి. స్టేషన్ లోపలికి తూటాలతో నడుచుకుంటూ పోకండి, ముందు మాట చెప్పాలి. ఎక్కడ ఇచ్చినా సంఖ్య రాసిన రసీదు తీసుకుని లైసెన్సులోనే పెట్టుకోండి.

వాటి బదులు కొత్తవి కొనేటప్పుడు ఒకేసారి ఎన్ని ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో మీ లైసెన్సులో రాసి ఉంటుంది, అది చూసుకోండి. మీకు నిజంగా పది తూటాలు ఉంటే చాలు. రసీదు చేతికొచ్చాక మీ ఆవిడని పిలిచి ఆ అర తెరిచి చూపించండి.